తాతయ్య ట్రాఫిక్ డ్యూటీ

జర్మనీలోని బ్రెమెన్‌లో ఆదివారం కాఫీ వేళ, మేనమామ ఆపిల్ కేకుతో పాటు ఎప్పటి కథే వడ్డించాడు. తాతయ్య పోలీసు సర్వీసు కాగితాలు చదివి వచ్చిన మేనకోడలు ఈసారి నవ్వలేదు.

"యుద్ధమంతా మా నాన్న పోలండ్‌లో ట్రాఫిక్ చూసుకున్నాడు. ఇంకేం రాసుంటారు?"

"ట్రాఫిక్కే మావయ్యా. కాకపోతే ఆ ఊళ్లో బళ్లు లేవు. తాతయ్య దళం యూదులందర్నీ అడవిలోకి నడిపించింది."

"జనం నడిచినా ట్రాఫిక్కేగా."

"అవును. తిరుగు ట్రాఫిక్ మాత్రం లేదు. తుపాకులే తిరిగొచ్చాయి."

మేనమామ కేకు పళ్లెం పక్కకు నెట్టాడు.

"హాయిగా కూర్చుని నువ్వెన్నైనా అంటావు. నా వల్ల కాదన్నవాణ్ణి అక్కడే కాల్చేసేవాళ్లు, తెలుసా?"

"అలా అన్నాయన ఒకాయన ఉన్నాడు. ఓల్ట్‌మన్స్ అని, తాతయ్య దళంలోనే."

"చూశావా మరి. పాపం, ఏం చేశారు?"

"పెద్ద శిక్షే వేశారులే. ఇంటికి పంపేశారు."

"ఇంటికా?"

"ఆఁ. ఇక్కడికే, బ్రెమెన్‌కి. యుద్ధం అయ్యేదాకా రైల్వే స్టేషన్ ముందు ట్రాఫిక్ చూసుకున్నాడు."