తొమ్మిదో తరగతి అంజమ్మ

"అవ్వా, పెట్టెల నీ నీలం చీర ఉన్నది గద, గది ఇయ్యవా? రేపు మా స్కూల్ల సైన్సు ప్రదర్శన. ఎవరో పెద్ద అతిథి వస్తడట. నన్ను పూలగుత్తి వట్టుకొని గేటుకాడ నిలవడుమన్నరు."

నీలం చీరనా? ఆగాగు, ముందుగాల పెట్టె మూత ముయ్యి. గిట్ల గూసో. గా చీర నువ్వనుకున్నసొంటిది గాదు బిడ్డా, అది టీచరమ్మ కట్టిన చీర. చీర నాదే గనీ కట్టింది టీచరమ్మ. గా టీచరమ్మకు పద్నాలుగేండ్లు. నవ్వకు, నిజం. నేను తొమ్మిదో తరగతి చదివేటప్పటి ముచ్చట. ఎన్నడో గాదు, ముందటేడే. అప్పటికి నాకు అరవై ఏడు.

నేను శామీర్‌పేట దిక్కు హైస్కూల్ల పిల్లలకు పగటన్నం వండుతుంటి గద. రేకుల షెడ్డు, కట్టెల పొయ్యి. పొగ అంటే పొగనా అది! పప్పుల ఉప్పేసిన్నో లేదో గూడ కనవడకపోతుండె. మా అత్తగారింట్ల గూడ గసొంటి పొయ్యే ఉండె, మా అత్త పొగల కూసోనే నన్ను తిడుతుండె, నేను కనవడకపోయినా తిట్టు మాత్రం సక్కగ నా మీదికే వస్తుండె. ఆమె ముచ్చట మల్ల చెప్త. ఏం చెప్తున్న? ఆఁ, పొగ.

గా బళ్లె మౌనిక అని ఒక పిల్ల. తొమ్మిదో తరగతి. వాళ్ల బాపు మచ్చ బొల్లారంల ఇండ్లు గట్టే మేస్త్రి. పిల్లకు గూడ మట్టి, ఇటుకలంటే మస్తు పాణం. ఒకదినం నేను దగ్గుతుంటె వచ్చి, "అవ్వా, నీకు పొగ రాని పొయ్యి గడ్త" అన్నది. ఏదో చిన్నపిల్ల ముచ్చటనుకున్న. నెల దినాలు ఇంటర్వెల్ల ఆడుకునుడు బందు జేసి, మట్టి దొక్కి, పాత రేకు గొట్టం దెచ్చి, కింద గాలికి తొవ్వ ఇడిశి, కట్టింది బిడ్డా! పొగంత గొట్టంలకెళ్లి మీదికి. నాకు దగ్గు సగం తగ్గింది. కట్టెలు గూడ సగమే.

ఇగ మండలం సైన్సు ప్రదర్శన మా బళ్లెనే వెట్టిన్రు. గెలిస్తె జిల్లాకు, జిల్లాల గెలిస్తె పెద్ద కాలేజీల ఎండకాలం పదిహేను దినాలు సైన్సు చెప్తరట. గా పొయ్యినే పోటీల వెట్టింది, గా పిల్లకు అదే యావ. కాయిదం మీద గా కాలేజీ బొమ్మ ఏసుకొని పుస్తకంల వెట్టుకున్నది. నాకు సూపిచ్చి, "అవ్వా, నేను గీడికి వోవాలె" అంటుండె.

గా దినం పొద్దుగాలనే మౌనికను గేటుకాడ నిలవెట్టిన్రు. ఎందుకంటవా? నీ తీరుగనే. పిల్ల పొడుగున్నది, జడలు సక్కగున్నయి, సెలాకీగ నవ్వుతది. చేతుల పూలగుత్తి. పెద్ద అతిథి వస్తడు, ఇయ్యాలె. అతిథి పది గంటలకన్నడు, పదకొండాయె, పన్నెండాయె, రాడు. గేటు ముందల ఆయన కారు కోసం జాగ ఖాళీ పెట్టిన్రు గద, మార్కులేసే సార్లను వెనక గేటుకెళ్లి తోలిన్రు. వెనక గేటు అంటే మా షెడ్డే.

ముగ్గురు సార్లొచ్చిన్రు. పొయ్యి మీద పప్పు ఉడుకుతాంది, నేను కలుపుతున్న. పొయ్యి వంగి సూశిన్రు, గొట్టం సూశిన్రు. మస్తున్నదమ్మా, నీ పేరేంది అన్నరు. నేను, "సారూ, ఇది మౌనిక గట్టింది, గేటుకాడున్నది, పిలుస్త" అన్న. ఒక సారు చేతి గడియారం సూసుకుంట, "గేటుకాడున్నోళ్లకు మార్కులేయరాదమ్మా. వస్తువుకాడ ఎవరుంటే వాళ్ల పేరే రాయాలె, గది రూలు. పేరు చెప్పు జల్దీ" అన్నడు. మార్కులన్న వడనీ అని చెప్పిన. అంజమ్మ. తరగతి? నేను రెండుకాడ్నే ఆపిన సారూ, మా నాయిన మేకలెంబడి తోలిండు అన్న. "రెండు రాస్తె కంప్యూటర్ తీసుకోదు" అని తొమ్మిది రాసిండు. గట్ల ఏడు తరగతులు ఒక్క గీతల పాసైన.

మాపటికి ఫలితం. బళ్లె వార్తలన్నీ ఫోన్ల గ్రూపుల ఏస్తరు గద, ఒలింపియాడ్, స్కాలర్‌షిప్పు, కుట్టుశిక్షణ, అన్నీ. దాంట్ల నా ఫోటో. గంటె వట్టుకొని. "మన పాఠశాల విద్యార్థిని చిరంజీవి అంజమ్మ జిల్లాస్థాయికి ఎంపిక." చిరంజీవి! మీ నాయిన చూడకుంటనే చప్పట్ల బొమ్మలు మూడు వెట్టిండు. తూంకుంట కొత్త కాలనీల ఆంధ్ర మేడం ఉన్నది సూడు, పిల్లలకు నోటుబుక్కులు పంచే మేడం, ఆమె ఫోన్ జేసింది. "అంజమ్మగారూ, కంగ్రాట్స్ అండీ! మీరు ఏ ట్యూషన్‌కి వెళ్లారు? మావాడు అసలు చదవట్లేదండీ!"

మౌనిక షెడ్డు వెనక కూసోని ఏడుస్తాంది. అతిథి రెండింటికి వచ్చిండట. పూలగుత్తి తీసుకొని, నడుసుకుంటనే డ్రైవర్ చేతుల వెట్టిండట. గా షెడ్డుకాడ పొగ లేకుంట కండ్లల్ల నీళ్లు కారుడు నేను అప్పుడే సూశిన. నా పాణం ఉసూరుమన్నది బిడ్డా. గా పిల్ల నోటికాడి బుక్క నేను తిన్నట్టే అనిపిచ్చింది.

పెద్దసారు కాడికి వోయిన. మా హెడ్మాస్టరు. పేరు మార్చుమన్న. "ఆన్‌లైన్ల ఎక్కింది అంజమ్మా, ఇగ దేవుడు గూడ తియ్యలేడు" అన్నడు. నేను వోనన్న. "నువ్వు వోకుంటె పొయ్యి గూడ వోదు" అన్నడు. ఇట్లయితె మౌనిక పొయ్యి మా షెడ్డుకాడ్నే ఆగుతది. కాయిదం సదువు సారూ, ఇంకేమున్నయి దాంట్ల అన్న. విద్యార్థి పేరు అంజమ్మ, గైడ్ టీచర్ పేరు ఖాళీ. మా సైన్సు సారుకు బదిలీ అయి నాలుగు నెల్లు, కొత్త సారు రాలే. నేనన్న, "రాయి సారూ. గైడ్ టీచర్, మౌనిక."

పెద్దసారు పరేషాన్. "తొమ్మిదో తరగతి పిల్ల టీచర్ ఎట్లయితది?"

"అరవై ఏడేండ్ల ముసల్ది తొమ్మిదో తరగతి ఎట్లయిందో గట్లనే."

పెన్ను మూత తీసి రాసిండు.

వారం దినాలు గా పిల్ల నాకు పాఠం చెప్పింది సూడు! పప్పు కలుపుకుంట వేడిగాలి, సల్లగాలి. తప్పు చెప్తె, "అవ్వా, మల్ల చెప్పు" అంటది. మా అత్త నయం. ఇగ మేడ్చల్ల జిల్లా పోటీకి నా నీలం చీర మౌనికకు కట్టిన, టీచరమ్మ తీరుగ కనవడాలె గద. పిన్నులు పదకొండు వెట్టిన. నాకేమో చీర మీద బడి టై, నడుముకు బెల్టు, మెడల గుర్తింపు కార్డు. చిన్న పొయ్యి ఒకటి ఆటోల ఏసుకొని వోయినం. దర్వాజకాడ పేర్లు రాసుకునే ఆయన నన్ను సూసిండు, కాయిదం సూసిండు, కంప్యూటర్ సూసిండు. "ఉన్నది, వో" అన్నడు. గంతే బిడ్డా! కాయిదం మంచిగుంటే మనిషిని ఎవ్వలు సూడరు.

మార్కులేసే మేడం వచ్చి, పిల్లలే చెప్పాలె, టీచర్లు మాట్లాడొద్దన్నది. పిల్లంటే నేనే. పొగ మీదికెందుకు వోతదన్నది. పాఠమంత మర్సిన! మౌనిక దిక్కు సూశిన, అది పెదవులు కొరుక్కుంటాంది. "మేడం, వేడెక్కినదేదైనా మీదికే లేస్తది. మా పెద్దసారు గూడ గంతే" అన్న. మేడం నవ్వింది. ఇగ భయం వోయింది. నా దగ్గు చెప్పిన, నా కండ్లు చెప్పిన, కట్టెలు సగమైనయని చెప్పిన. ఫస్టు వచ్చింది.

గా కాలేజీకి విద్యార్థి వోవాలె, ఎంబడి గైడ్ టీచర్ వోవాలె. నేను వోకుంటె అది వోరాదు. పండుగలకు గూడ తూంకుంట దాటని దాన్ని, పదిహేను దినాలు బస్సెక్కిన. పిల్లలు ముందు బెంచీలల్ల, టీచర్లు వెనక. మొదటి దినం హాజరు పిలిచిన్రు. "అంజమ్మా?" అన్నరు. ఎప్పుడో బలపం అయిదు పైసలున్నప్పుడు బళ్లె ఇన్న పిలుపది. మేకలు తోలినంక, పని కోసం పిలిచినోళ్లే గనీ, ఉన్నవా అని పిలిచినోళ్లు లేరు. లేచి నిలవడి, "ఉన్న సార్" అన్న.

రెండోదినం నేను ముందు బెంచీల కునుకుతున్న, అడిగినవాటికన్నిటికి వెనక బెంచీలకెళ్లి టీచరమ్మ జవాబు చెప్తాంది. గా కాలేజీ పెద్దమేడం ముచ్చటంత ఇన్నది, కడుపుబ్బ నవ్వి, మౌనికను ముందుకు కూసోవెట్టింది. నన్ను, "ఇగ నువ్వు ఇంటికి వోవచ్చమ్మా" అన్నది. వోను మేడం, హాజరుల నా పేరున్నది అన్న. పదిహేను దినాలు ఒక్కటి తప్పలే. ఇప్పుడు మౌనిక ఇంటర్ల సైన్సు తీసుకున్నది, మొన్న గూడ వచ్చి నా దగ్గెట్లున్నదో అడిగి వోయింది.

అవ్, నువ్వు ప్రదర్శనకని నీళ్ల తొట్టికి మోటర్ బొమ్మ జేసినవు గద, రేపు దానికాడ ఎవలుంటరు? ఎవల్లేరా? మరి గేటుకాడ నిలవడుతనంటవేంది!

చీర ఇయ్య. గేటుకాడికి నేనొస్త. నీలం చీర నేనే కట్టుకుంట, పూలగుత్తి నేనే వట్టుకుంట, గా అతిథి పది గంటలకు రానీ, రెండింటికి రానీ. మీ సారు అడిగితె మా అవ్వ పాత విద్యార్థిని అని చెప్పు. నువ్వు మాత్రం నీ బొమ్మ ఇడిసి కదలకు. పేరడిగితె గట్టిగ చెప్పు. సల్లగ బతుకు బిడ్డా.