ఔలిస్ ఆవూ, ఫిన్లాండ్ విదేశాంగమూ

ఫిన్లాండ్ సైనిక కూటమిలో చేరిందని ఆ రోజు పేపర్లో పెద్ద అక్షరాలతో పడింది. రష్యా సరిహద్దు ఊరు పారిక్కలలో, పెట్రోలు బంకు కాఫీ కొట్టులో ఔలిస్ ఆ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఇదంతా మా ఆవు చలవ," అన్నాడు. "నా కుర్రతనంలో మా ఆవు ముస్తిక్కి తాడు తెంపుకుని రష్యా అడవిలోకి పోయింది. పోతే పోనీరా, వాళ్ళతో మనకెందుకన్నాడు మా నాన్న. నేను ఊరుకుంటానా? ఫ్లాస్కు నిండా కాఫీ పట్టుకుని వెళ్ళాను. తుపాకులతో నలుగురు సిపాయిలు. నవ్వుతూ ఒక చేత్తో కాఫీ పోశాను, రెండో చేత్తో ఆవు తాడు మాత్రం వదల్లేదు. ఆవుతోనే తిరిగొచ్చాను."

"అంతవరకూ సరే," అన్నాడు ఇల్పో. రంపపు మిల్లులో ఇద్దరూ కలిసి పనిచేసినవాళ్ళే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? హెల్సింకీ నుంచి నల్లకారొచ్చింది. మంత్రులు మా కొట్టంలో పేడ తొక్కుతూ నిలబడి, అంత బలమైన పొరుగువాడితో ఎలా నెగ్గుకొచ్చారండీ అని నన్నడిగారు. వాడికి కోపమొచ్చే మాట అనకండి, ఎదురైతే నవ్వండి, ఇంట్లో తుపాకీకి మాత్రం నూనె రాస్తూ ఉండండి అన్నాను. దేశం ఏళ్ళ తరబడి దానిమీదే నడిచింది. తర్వాత ఆ పొరుగువాడి రాజ్యం ముక్కలైందా, మళ్ళీ కారు. ఇక సైన్యం ఎందుకండీ అన్నారు. చీవాట్లు పెట్టి, ముందు బండ తొలవండి, జనమంతా దాక్కునే చోటు కావాలన్నాను. హెల్సింకీ కింద మొదటి గునపం పోటు నాదే."

"నీకు నడుం నొప్పి కదరా?"

"దానివల్లే వచ్చింది. మొన్న రష్యావాళ్ళు ఉక్రెయిన్ మీద పడగానే, ఇక నవ్వులు చాలు, జట్టు కట్టండి అన్నాను. దేశదేశాల సేనాధిపతులు మా ఆవిరి స్నానాల గదికొచ్చారు. ఒంటిమీద నూలుపోగు లేకుండా వరసగా కూర్చున్నారు. బల్ల చాలక పొడిగించుకుంటూ పోతే, గోడ దాటి, చెరువు దాటి అవతలి ఒడ్డుకి చేరింది. కాలిన రాళ్ళమీద ఒక్క చెంబు నీళ్ళు పోశాను. ఆ ఆవిరి సరిహద్దు దాటి వెళ్ళి వాళ్ళ ట్యాంకుల అద్దాలన్నీ కమ్మేసింది. దారి కనపడక మాస్కో దాకా వెనక్కే పోయాయి."

కాఫీ పోస్తున్న కొట్టామె సిర్కా చెయ్యి ఆగింది. ఆమె కొడుకుని మళ్ళీ సైనిక శిక్షణకి పిలిచారు. "అంత తేలిగ్గా పోతే బాగుండు, ఔలిస్."

"నేనుండగా నీకు బెంగెందుకమ్మా? వాడి జోలికి ఎవడూ రాడు."

ఆమె నవ్వి, అతని కప్పు అంచుదాకా నింపింది.

"అది సరే గానీ," అన్నాడు ఇల్పో, "మీ పక్కింటి మైరె కంచె జరిపి నీ బంగాళాదుంపల మడి సగం కలిపేసుకుందటగా? నోరెత్తలేదేం?"

ఔలిస్ తలుపువైపు ఓసారి చూసుకుని గొంతు తగ్గించాడు.

"రష్యావాళ్ళతో మాట్లాడొచ్చురా. మైరెతో మాట్లాడి గెలిచినవాణ్ణి ఈ ఊళ్ళో ఒక్కణ్ణి చూపించు."

ఇల్పో ఊళ్ళోవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టి చూశాడు.

"ఇది మాత్రం నమ్ముతాను," అన్నాడు.