లీటరుకు డెబ్బై రెండు

రాసియ్యి తమ్మీ, నీ సొమ్మేం పోతది? నీ దుకాణం పేరున్న చిట్టీ మీద ఒక్క ముక్క. 'పెట్రోల్ ముల్లు ఖరాబైంది, బండి నడిపినాయన తప్పేం లేదు.' కింద ఆత్మారాం మెకానిక్ అని సంతకం. గంతే. నేనేమన్న నీ పొలం రాసియ్యమంటున్ననా?

ఏంది, గట్ల సూస్తున్నవ్? ఓ... బీడీనా! ఆర్పేస్తి, ఇగో, ఆర్పేస్తి. నువ్వు ట్యాంకు మూత తీసినవని సూడలె. ముప్పై మూడేండ్లు ఆర్టీసీల బస్సు నడిపినోన్ని, పెట్రోల్ కాడ బీడీ ముట్టియ్యద్దని నాకు నువ్వు చెప్పాల్నా?

చెప్పాలె. ఈ మధ్య నాకు అందరు అన్ని చెప్పాల్సొస్తున్నది. చెప్పనిది ఒక్క మా గంగామణే.

తొమ్మిది రోజులాయె తమ్మీ, నా పెండ్లాం నాతోటి మాట్లాడక. తిట్టినా మంచిగుంటుండె. తిట్టుతలేదు! టైముకు అన్నం పెడుతది, నీళ్లు పెడుతది. నాకు చెప్పాల్సిన ముచ్చటుంటే గోడకు చెప్తది. 'గ్యాసు అయిపోయింది' అని మొన్న గోడకు చెప్పింది. నేను గోడ పక్కనే కూసున్న. గోడ పోయి సిలిండర్ తెస్తదా? నేనే పోయి తెచ్చిన.

అందుకే ఈ చిట్టీ. తప్పు నాది కాదు, ముల్లుది అని నీ అసొంటి పని తెలిసినోడు రాసిస్తే ఆమె ముందట పెడుత. సదువుకున్న మనిషి, కాయిదం మీదుంటే నమ్ముతది. సరే సరే, ముందు సూసినంకనే రాయి. సూడు. నేను వద్దన్ననా?

నువ్వు బోధన్‌కు కొత్తగొచ్చినవ్, నేనెవలో నీకు తెల్వదు. డిపోల అడుగు, సిద్దిరాములంటే ఎవలని. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు నడిపిండని డ్రైవర్లకు డిపోల లెక్క తీస్తరు. కేఎంపీఎల్ అంటరు దాన్ని. ఎవని బస్సు ఎక్కువ నడిస్తే వానికి శాలువ కప్పుతరు. నాకు మూడుసార్లు కప్పిండ్రు! అది కూడ ఎసొంటి బస్సు? వానొస్తే లోపల గొడుగు పట్టుకొని కూసునేటిది. గసొంటి డొక్కుతోటి శాలువ కొట్టుడంటే మజాక్ కాదు.

రిటైరైనంక ఏముంటది? శాలువ కప్పేటోడు లేడాయె. గని రోగం పోతదా? ఈ స్కూటర్ మీద పడ్డ.

స్పీడు నలభై దాటనియ్య. జర దిగుడు కనవడ్తే ఇంజన్ బంద్ జేస్త. ఎదురుగాలి కొడితే ఎనక కూసున్న గంగామణిని వంగుమంట. నవ్వకు తమ్మీ, నిజంగనే వంగుమన్న. పాపం, వంగింది కూడ. లెక్కల గైడు బ్యాగుల పెట్టుకుంటే, 'గంత బరువెందుకే, మైలేజ్ పడుతది' అన్న. గైడు చింపి, ఆ రోజుకు కావాల్సిన కాయిదాలే మడిచి రైకల పెట్టుకొని వచ్చిందామె. గసొంటోన్ని నేను.

లీటరుకు డెబ్బై రెండొచ్చింది. ఇంత పాత బండికి డెబ్బై రెండు! హోటల్ కాడ చాయ్ తాగెటోల్లందరికి చెప్పిన. చాయ్ తాగనోల్లను పిలిచి తాపిచ్చి మరీ చెప్పిన. 'నీ బండేం కంపెనీ కాకా' అని అడిగితే, 'కంపెనీది కాదు బిడ్డా, కాలుల ఉంటది ఇకమతు' అంటుంటి. స్కూటర్‌కు కాలుతోటి ఏం పని? ఎవ్వడు అడగలె.

ఇగ గంగామణి ముచ్చట. అంగన్‌వాడీల ఆయా ఆమె. పందొమ్మిదేండ్ల సంది పిల్లలకు గుడ్లు ఉడకబెట్టుడు, ముక్కులు తుడుసుడు. పిల్లలు ఆమెనే టీచర్ అంటరు. సర్కారు అనదు. సర్కారు అనాలంటే పదోతరగతి పాసు కావాలె. నలభై తొమ్మిదేండ్లకు ఓపెన్ పది కట్టింది. ఇంకో ఏడాది దాటితే దరఖాస్తు కూడ పట్టరని వాళ్ల మేడం చెప్పిందట.

తెలుగుకు భయం లేదు, సైన్సుకు భయం లేదు. లెక్కలంటేనే ఆమెకు వణుకు. రొట్టెలు కాల్చుకుంట ఎక్కాలు సదివేది. పదమూడో ఎక్కం కాడికి రాంగనే రొట్టె మాడేది. నేనే తిన్న అవన్ని. పదమూడో ఎక్కం ఎంత చేదుంటదో బోధన్‌ల నాకు తెలిసినంత ఎవ్వనికి తెల్వదు. అటెన్క ఒకనాడు రొట్టె మాడలె. తెల్లగ, మెత్తగ వచ్చింది. 'వచ్చిందానే?' అన్న. 'వచ్చింది' అన్నది. ఏం నవ్వు నవ్వింది తమ్మీ గప్పుడు!

లెక్కల పరీక్ష నిజామాబాద్‌ల. తొమ్మిదింటికి. ఇక్కడికెల్లి ఇర్వై ఆరు కిలోమీటర్లు.

బస్సుల పోత అన్నదామె. నేనే పోనియ్యలె. ఇంట్ల డ్రైవర్‌ను పెట్టుకొని పరీక్షకు బస్సేందే అన్న. ఆమెకు నడపరాదని కాదు. ఊర్లె గుడ్ల ట్రేలు తెచ్చుకునేటందుకు ఈ బండి మీదనే తిరుగుతది. 'గట్లైతే నేనే నడుపుకుంట పోత' అన్నది. పెద్ద రోడ్డు నీతోటి కాదన్న. నిజం చెప్పాల్నంటే, ఆమె నడిపితే మైలేజ్ పడుతదని.

ఎనిమిదింటికి బయలెల్లేటప్పుడు ట్యాంకుల పుల్ల ముంచి సూసిన. చీపురు పుల్లనే, బ్లేడుతోటి గీతలు పెట్టి పెట్టుకున్న. ఎంతవరకు తడిస్తే గంత పెట్రోల్. అర లీటరు చూపిచ్చింది. పుల్లకు ఏం తెలుసు, పాపం, ఉన్నదే చెప్పింది. నేను డెబ్బై రెండుతోటి లెక్కేసిన. ముప్పై ఆరు కిలోమీటర్లు! నిజామాబాద్ పోయినంక ఇంక పది మిగులుతదన్న.

సారంగాపూర్ రాకముందే దగ్గింది. రెండుసార్లు దగ్గి ఆగింది.

ఆమె దిగింది. హాల్ టికెట్ చేతులనే ఉన్నది. 'ఏం కాదే, ఇప్పుడే లేస్తది' అన్న. బండిని పక్కకు ఒరగబెట్టి ఊపిన. మూత తీసి ట్యాంకుల నోరు పెట్టి ఊదిన. మల్ల ఒరగబెట్టిన. 'రెండు నిమిషాలే', 'ఒక్క నిమిషమే' అనుకుంట పది నిమిషాలు తిన్న ఆమెవి. పోయే ఆటోలన్ని నిండుగొస్తున్నయ్. ఆఖరికి ఆమె నన్ను సూసుడు బంద్ చేసి రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టింది. గోబిగడ్డలు ఏసుకొని మార్కెట్‌కు పోయే ఆటో ఒకటాగింది. గోబిగడ్డల మీద కూసొని పోయింది పదోతరగతి పరీక్షకు.

నేనా? ఎవలో పుణ్యాత్ముడు ఆయన బండి పైపు ఊడబీకి నీళ్ల సీసల ఇంత పట్టిచ్చిండు. తొందర్ల పోస్తే సగం వేడి ఇంజన్ మీద పడి బుస్సుమన్నది. గప్పుడు అంటుకుంటే నా పనైపోతుండె. పేపర్ల పడుతుండె, 'మూడు శాలువల డ్రైవర్, రోడ్డు మీద బూడిద' అని.

నేను పొయ్యేవరకు ఆమె గేటు బయటనే ఉన్నది. పన్నెండు నిమిషాలు లేటట. గేటు కాడోడు మొక్కినా తియ్యలేదట. వాని తప్పేమున్నది? వాడు మైలేజ్ చూసుకోడు, గడియారం చూసుకుంటడు.

ఇంటికి పోదాం పా అన్న. కదల్లె. పన్నెండింటిదాక గోడ నీడకు కూసున్నది. గంట కొట్టినంక బయటికొచ్చిన ఒకామెను అడిగి ప్రశ్నల కాయిదం తీసుకున్నది. హాల్ టికెట్ ఎనక లెక్కలు చెయ్యవట్టె. నేను దూరంకెల్లి సూస్తున్న. పెన్ను ఏడ ఆగలేదు తమ్మీ. ఒక్కతాన కూడ ఆగలేదు. అన్నిటికి అన్ని చేసి, కాయిదం ఆమెకిచ్చి, బస్సెక్కి ఇంటికి పోయింది. మా డిపో బస్సే. డ్రైవర్ నాకు నమస్తే కూడ పెట్టిండు.

నేను దుకాణాల్ల ఏడ్చెటోన్ని కాదు. ఇక్కడ పెట్రోల్ వాసన జర ఎక్కువున్నది.

ఏంది, దొరికిందా? ఏడ? సీటు కింద... వైరా? సూసినవా, నేను చెప్పలేదా! ఎలక కొరికి ఉంటది. షుగర్ ఫ్యాక్టరీ బంద్ పడ్డప్పటి సంది బోధన్ ఎలకలకు ఏం పని లేదు, వైర్ల మీద పడ్డయ్.

కొరకలేదా?

సక్కగ ఊడబీకి, కొసకు నల్ల టేపు చుట్టి ఉన్నదా... బోధన్ ఎలకలు హుషార్ తమ్మీ...

సరే, నవ్వు. ఎలక టేపు చుట్టదు. నేనే చుట్టిన. రెండేండ్లాయె.

మల్లేం చెయ్యాలె? ముల్లు జర కిందికి జారుడే ఆలస్యం, ఎనకకెల్లి 'ఎర్ర గీత మీదికొచ్చింది' అంటది. ఎనక కూసున్న మనిషి ముల్లు సూసి చెప్తుంటే డ్రైవర్‌కు ఇజ్జత్ ఉంటదా? ముల్లులన్ని అబద్ధాలే చెప్తయని ఆమెకు చెప్పి, వైరు గుంజిన.

ఇప్పుడు కలిపినవా? ట్యాంకుల ఫ్లోటు ఏలుతోటి లేపితే... ముల్లు లేస్తున్నది. ఇడిస్తే... పడుతున్నది. మల్ల లేపు. అరె! రెండేండ్లు మూతి కట్టేసినా మాట తప్పలేదు సూడు ఇది.

ఇగ నువ్వేం రాస్తవ్, నేనేం తీసుకపోత.

గదే గాదు, ఇంకోటి చెప్త, ఎట్లాగు ఇజ్జత్ పోయింది గదా. బస్టాండు దిక్కు బంకుల రోజా అని పిల్ల పెట్రోల్ పోస్తది. బతుకమ్మ ముందట ఒకనాడు పోయినప్పుడు అన్నది, 'కాకా, నువ్వు ఎప్పుడన్న ఒకసారి వస్తవ్, గంగామణక్క సోమవారం సోమవారం వచ్చి పోపిచ్చుకుంటది' అని.

గుడ్లకు పోయినప్పుడల్ల! ముల్లు లేదు, మొగడు పుల్ల పట్టుకొని తిరుగుతుండు, ఏడనన్న ఆగిపోతమని ఆమె భయం. నాకు చెప్తే నా ముఖం పడిపోతదని చెప్పలె. నేనేమో నేను పోసిందే లెక్కేస్తున్న. డెబ్బై రెండుల ఇర్వై ఎనిమిది గంగామణిది తమ్మీ. బండి నడిచేది నలభై నాలుగే. అందరి బండి లెక్కనే.

తెలిసినంక ఏం చేసిననంటవ్? 'ఎవ్వలకు చెప్పకు బిడ్డా' అని రోజాకు చెప్పిన. తెల్లారి హోటల్ కాడికి పోయి డెబ్బై మూడన్న.

గట్ల చెప్పంగ చెప్పంగ నా అబద్ధం నేనే నమ్మిన. పరీక్షలని ఆమె సెలవు పెట్టుకున్నది, గుడ్లకు పోలె, బంకుకు పోలె. ట్యాంకుల ఉన్నది ఒట్టి నా పెట్రోలే. గది నాకు యాదికి రావాలె గదా? రాలె.

లేదు తమ్మీ... ఆ పానా పక్కకు పెట్టు, ఇను. యాదికొచ్చింది.

ఎడపల్లి దాటినంక రోడ్డు మీద బంకొస్తది సూడు. గక్కడికి రాంగనే ఎనకకెల్లి బుజం మీద తట్టింది. 'ఏమయ్యా, జర పోపిచ్చుకుందాం' అన్నది. టైం ఎనిమిదింబావు. బంకుల ఒక్క బండి లేదు. నాలుగు నిమిషాల పని. గప్పుడు యాదికొచ్చింది నాకు, ఈ వారం ఆమె పోపియ్యలేదని. గని బండి తిప్పితే ఏమైతది? ఇన్ని రోజులు ఆమె పెట్రోల్ మీదనే నడిచిందని నేను ఒప్పుకున్నట్టైతది. మూడు శాలువలోన్ని! తిప్పలె. ఇంక జర మెల్లగ పోనిస్తే అందుకుంటదని పోనిచ్చిన.

గేటు కాడ అడిగింది నన్ను. ఆమె నాతోటి మాట్లాడిన ఆఖరి మాట గదే. 'బుజం తట్టి చెప్పిన గదా, ఎందుకు ఆపలేదు?' అన్నది. ఒర్రలేదు, ఏడ్వలేదు, సక్కగ అడిగింది.

'హెల్మెట్‌ల ఇనవడలేదే' అన్న.

ఆమె నా నెత్తి దిక్కు సూసింది. అటెన్క బండి దిక్కు సూసింది.

హెల్మెట్ నా నెత్తికి లేదు తమ్మీ. ఉక్కపోస్తున్నదని సీటు పక్క కొక్కానికి తగిలిచ్చిన. బోధన్‌కెల్లి తొవ్వంత ఆమె మోకాలికే కొట్టుకుంట వచ్చింది.