మొగిలి కాదు, నొక్కింది నేనే

నా పేరు మారబోయిన సారయ్య. తండ్రి రాజలింగం, ఇప్పుడు లేడు. వయసు డెబ్బై ఒకటి. మాది కేసముద్రం. ఇక్కడి పత్తి మిల్లు గేటు దగ్గర బండ్లను కాంటాకు పిలవడం నా పని. ఏ ఊరి బండి వంతు వస్తే ఆ ఊరి పేరు పెట్టి పిలుస్తాను. నాకు మైకు అక్కర్లేదు. నేను పిలిస్తే రైలు గేటు అవతల చాయ్ తాగే రైతు గ్లాసు కింద పెట్టి లేస్తాడు. చదువు రాదు. నా పేరు మాత్రం చదవగలను, రాయగలను.

మొన్న దసరా తర్వాత మిల్లు ఆఫీసుకు బుష్రా అనే అమ్మాయి వచ్చింది. డోర్నకల్ పిల్ల. కంప్యూటర్‌లో బండ్ల పట్టిక అంతకు ముందే ఉంది. గళ్ళు, గళ్ళలో నంబర్లు. ఆ పిల్ల ఏదో కోడు రాసి ఆ గళ్ళ మీద గుండీలు మొలిపించింది. గుండీ నొక్కితే తర్వాతి బండి ముందుకు వస్తుంది, బయట మైకులో ఊరి పేరు పలుకుతుంది.

"గుండీ ఉత్త బొమ్మనే తాతా. దాని ఎనక నేను రాసిన రాత పని చేస్తది" అని చెప్పింది.

మైకులో పలికించడానికి ఊర్ల పేర్లు ఫోనులో రికార్డు చేస్తాను, చెప్పమని ముందు నన్నే అడిగింది. "నా గొంతు డబ్బాల పెట్టే గొంతు కాదు, పో" అన్నాను. పోయి మొగిలిని అడిగింది.

మొగిలి నా షడ్డకుడు, నా భార్య చెల్లెలి మొగుడు. అదే మిల్లులో ఊడుస్తాడు. వానిది పడిశం పట్టిన మేక గొంతు. కుర్చీలో కూర్చుని ఊర్లన్నీ చెప్పాడట. తెల్లారి నుంచి మిల్లంతా మొగిలే. నా పక్కన నోరు మూసుకుని బీడీ తాగుతుంటాడు, పైన మైకులో వాడే పిలుస్తుంటాడు. "మొగిలన్నా, మైకుల మస్తు పలుకుతున్నవే" అని రైతులు వానికి చాయ్ తాగించారు. ఇంట్లో నా భార్య ఓదెమ్మ కూడా "మా చెల్లె పెనిమిటి గొంతు రేడియో లెక్కున్నది" అంది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. కడుపుమంట అని రాసుకోండి సార్. నాకేం సిగ్గు లేదు.

సోమవారం మధ్యాహ్నం అందరూ తిండికి పోయినప్పుడు ఆఫీసులోకి పోయాను. పగలగొట్టడానికి కాదు. మొగిలి గొంతు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దామని. తెర మీద ఒక పట్టీ తెరిచి ఉంది. అందులో రెండు పేర్లు. పైది నాకు చదవ రాలేదు. కింది పేరు నాది. నా గొంతు కూడా ఎట్లనో పట్టి పెట్టిందనుకున్నాను. బొటనవేలితో నా పేరు మీద నొక్కాను. పలకలేదు. బోరెం సంచిలో పత్తి తొక్కినట్టు అదిమాను. అద్దం లోపల సిరా పారినట్టు నల్లగా పారింది. నొక్కాల్సింది తెరను కాదని, పక్కనున్న మౌసునని తర్వాత తెలిసింది.

వెనక్కి తిరిగితే గడప దగ్గర మొగిలి, చేతిలో చీపురు.

ఓనరు శ్రీపాల్ గారు వచ్చి అరిచారు. నేను నోరు తెరిచేలోపే "చీపురు కట్టె తాకింది సార్, నాదే తప్పు" అన్నాడు మొగిలి. ఆయన నమ్మలేదు. కావాలని పగలగొట్టాడని వాన్ని పనిలోంచి తీసేసి, మీ పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చారు.

ఇంటికి పోతే ఓదెమ్మ నా మొహం చూసింది. "నువ్వే చేసినవ్. ఆయన మీదేసుకున్నడు. గసొంటి మనిషి యాడ దొరుకుతడు?" అంది. గొంతు వానిదే అయింది. ఇప్పుడు మంచితనమూ వానిదేనా?

బుష్రా గేటు దగ్గర కలిసి, "గా రెండో పేరు నీ కోసమే ఉంచిన తాతా, ఎన్నడన్న ఒప్పుకుంటవని. దాని ఎనక ఇంకేం రాయలే" అంది.

"మొగిలి పేరు పైకి, నా పేరు కిందికెందుకు పెట్టినవ్?" అన్నాను.

అందుకే నా అంతట నేనే వచ్చాను. మొగిలిని మళ్ళీ పనిలో పెట్టుకోమని శ్రీపాల్ గారికి చెప్పండి. వాని మీద జాలితో అనడం లేదు. నేను చేసింది వాని పేరు మీద పోవద్దు.

నేను చెప్పినట్టే రాసి, చదివి వినిపించారు. ఇందులో కల్పించింది ఒక్క మాట లేదు. సంతకం వచ్చు గదా అన్నారు. వచ్చు. అయినా వేలే వేస్తాను. మీ రివాజు ఎడమ బొటనవేలు. నొక్కింది కుడిది.

(మారబోయిన సారయ్య, కుడి చేతి బొటనవేలి ముద్ర)