భారం మోసే జాక్, ఎదురుగా గుండయ్య గారు

1967 జూన్ 12వ తేదీన శ్రీ గుండయ్య గారు మా బస్సుల వర్క్‌షాపు టైర్ల విభాగంలో ఉద్యోగంలో చేరారు. అంతకుముందే చార్మినార్ వెనుక సందులో లారీల మరమ్మతులు చేసి చేయి తిరిగినవారు కావడంతో, అనతికాలంలోనే బస్సులను పైకెత్తే హైడ్రాలిక్ జాక్‌ల సంరక్షణ బాధ్యత వీరిని వరించింది. నాటి నుంచి నేటి పదవీ విరమణ దాకా షెడ్డు చివరి గదే వీరి కార్యక్షేత్రం. స్టోర్సు నుంచి వీరికి నూనె, రబ్బరు సీళ్లు అందిస్తూ వచ్చిన నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది.

వీరు మితభాషులు. జాక్‌లో బ్రేక్ ఆయిల్ పోసినవారి విషయంలో మాత్రం ఆ మితం పాటించేవారు కారు. ఆ నూనె తగిలితే లోపలి రబ్బరు ఉబ్బి పాడవుతుందని షెడ్డంతా వినిపించేలా బోధించేవారు. జాక్ పైకి లేవకపోతే గాలి చేరిందో నూనె తగ్గిందో చూసి, మెల్లగా దిగిపోతుంటే వాల్వులో నలక పడిందో సీలు అరిగిందో తేల్చి, బాగుచేసిన పిమ్మట కూడా దాన్ని వెంటనే పంపేవారు కారు. ఖాళీ బస్సు కింద నిలిపి, పక్కన చెక్క దిమ్మెలు పెట్టి, భోజన విరామమంతా దాని ఎదుట కూర్చుని కనిపెట్టుకుని ఉండేవారు.

"దిగుతదా లేదా అన్నది కన్నుతోనే చూడాలె. మీరు పోయి తినుండ్రి," అని మమ్మల్ని క్యాంటీనుకు పంపేసేవారు. వీరి సతీమణి కృష్ణమ్మ గారు మాదన్నపేటలోని ఇంటి నుంచి అన్నం గిన్నె తెచ్చి పక్కన కూర్చునేవారు. ఇద్దరూ జాక్‌ను చూస్తూ తినేవారు.

1981లో ఆ ఇల్లాలు స్వర్గస్థురాలయ్యారు. సంతానం లేని గుండయ్య గారు కర్మలు ముగియగానే పనిలోకి వచ్చారు. ఆ తరువాత బాగుచేతకు వెళ్లిన ఒక జాక్ ఎన్నాళ్లైనా స్టోర్సుకు తిరిగి రాలేదు. అడిగినప్పుడల్లా "ఇంక జర చూడాలె సార్" అనేవారు. చివరికి ఒక మధ్యాహ్నం నేనే వెళ్లి, జాక్ నిలిచిన ఎత్తు దగ్గర సుద్దతో గీత గీసి, వీరి పక్కన కూర్చున్నాను. విరామం ముగిసినా జాక్ గీత దాటలేదు.

"ఇది దిగడం లేదు కదండీ?" అన్నాను.

"మొదటి దినం నుంచే దిగుతలేదు సార్," అన్నారు. మళ్లీ ఆయనే, "దీన్ని మీకిచ్చేస్తే ఇక్కడ కూసునేతందుకు నాకు పనుండది. ఆమె కూసున్న జాగ ఇదే గద," అన్నారు.

ఆ జాక్ స్టోర్సుకు రాలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

రేపటి నుంచి వీరికి ఆ చోటు ఉండదు. మనం కప్పే శాలువా, వేసే పూలమాల, చదివే ప్రశంసలు ఎంత ఘనమైనవైనా ఆ లోటు తీర్చలేవు. మధ్యాహ్నాలు ఎట్లా గడుపుతారని మొన్న అడిగితే, "ఏముంది సార్, తలుపేసుకొని తింట," అన్నారు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

గుండయ్య గారూ, భగవంతుడు మీకు సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించాలని మా అందరి తరఫున ప్రార్థిస్తున్నాను. కానీ అన్నేళ్లూ మీరు ఒంటరిగా అన్నం తినాలని కోరుకోవడానికి నాకు నోరు రావడం లేదు. సోమవారం భోజన వేళకు నా గిన్నె పట్టుకుని మాదన్నపేట వస్తున్నాను. తలుపు వేసుకోకండి.

— సుందరరామయ్య, స్టోర్సు విభాగం