దానయ్య ఫోనులో గుర్తులు

బండెమ్మ మొగుడు దానయ్యకి వేలిముద్రలు లేవంట. నవ్వుతావేంటే, నిజంగానే లేవు. చిన్నప్పట్నించీ వల తాడు లాగీ లాగీ వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయి బొటనవేలు గులకరాయిలాగ తయారైంది. రేషను కొట్లో మిషను మీద వేలు పెడితే అది కుయ్యిమని అరిచేది గాని బియ్యం ఇమ్మనేది కాదు. కొట్టువాడు, మావా నువ్వు మనిషివో కాదో మిషనుకి అనుమానంగా ఉంది అని ఎగతాళి పట్టేవాడంట. చివరికి బండెమ్మే వెళ్ళి తన వేలు పెట్టి తెచ్చుకునేది. అలాంటోడు సెల్లుఫోను కొన్నాడు. వేలు పెడితే తెరుచుకునే ఫోనే, కాని ఈయన వేలికి ఎందుకు తెరుచుకుంటుంది? అందుకని ఏం చేశాడంటే, గీత తాళం పెట్టించుకున్నాడు. అద్దం మీద ముగ్గు చుక్కల్లాగ చుక్కలొస్తాయి చూశారూ, వాటి మీద వేలితో ఒక గీత గీస్తే తెరుచుకుంటుంది. ఆ గీత ఏంటో కొడుకులకి కూడా కనపడనిచ్చేవాడు కాదు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని గీసేవాడు.

ఎందుకంత దాపరికం అంటే, ఆ ఫోనులో చోట్లున్నాయి. చేపల చోట్లు. మీకు చెప్పేదేముంది, లోపలికి పోయాక ఒడ్డు కనపడదు, కొండ కనపడదు, నాలుగు పక్కలా ఒకటే నీళ్ళు. అడుగున బండ ఎక్కడుందో, ఏ బండ పక్కన కోనెం చేప తిరుగుతుందో వెనకటివాళ్ళు లెక్కకట్టి బుర్రలో పెట్టుకునేవారు. దానయ్య ఫోనులో పెట్టుకున్నాడు. చదువు రాదు గనక అక్షరాల్లేవు, బొమ్మలే. చేపలున్న చోట చేపబొమ్మ, రొయ్యలున్న చోట రొయ్యబొమ్మ. సొంత తమ్ముడు అడిగినా చెప్పేవాడు కాదు. మన వేటోళ్ళంతా అంతే కదా, ఇంటికొస్తే అన్నం పెడతారు గాని చోటు మాత్రం చెప్పరు.

అయితే ఒక్క మనిషి ముందు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పొద్దున్నే గంజి తాగుతూ ఫోను తెరిచేవాడు, ఎదురుగా బండెమ్మ ఉల్లిపాయ ఒలుస్తూ కూచునేది. పెళ్ళాం దగ్గర దాచేదేముందిలే అనుకున్నాడో, పెళ్ళాం కళ్ళు కళ్ళే కావనుకున్నాడో మరి. అంచు చుక్కల మీద చుట్టూ తిరిగి, నడిమి చుక్క దగ్గరకొచ్చి ఆగేవాడు. రోజూ అదే గీత. చూసీ చూసీ ఆమె వేలికే వచ్చేసింది. ఆమె నేర్చుకుందామని చూడలేదమ్మా, ఎదురుగా కూచున్నాక కనపడదా?

వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు తాతారావు, రెండోవాడు ఎల్లాజీ గుజరాతు బోట్ల మీద పనికి పోయేవారు. చిన్నోడు వాసు తండ్రితోనే ఉండేవాడు. ఏమైందంటే, ఒకనాడు లోపల ఎక్కడో వల పోయి అడుగున బండకి పట్టేసింది. కొత్త వల. వాసు నడుముకి తాడు కట్టుకుని విడిపించటానికి దిగాడు. ఇంక తాడొక్కటే పైకొచ్చింది. పిల్లాడి శవం కూడా దొరకలేదు. దానయ్య ఇంటికొచ్చి గోడకి చేరబడి కూచుని ఒకే ముక్క అన్నాడంట, 'ఆ సోటు ఫోనులో ఎట్టీసినాను' అని.

ఆ మాట బండెమ్మ గుండెలో ముల్లులా దిగిపోయింది. కొడుకుని మింగిన చోటు కూడా ఈయనకి చేపల చోటేనా, బండ ఉంటే కోనెం ఉంటుందని గుర్తు పెట్టుకున్నాడా అనుకుంది. పైకి అడగలేదు. ఆ ఇంట్లో మాటలు తక్కువ. కర్మ చేసి తిరిగి వేట మొదలెట్టాక, ఆయన అటు పక్కనించే కోనెం చేపలు తెచ్చేవాడు, ఆమె బుట్టలో పెట్టుకుని అమ్ముకొచ్చేది గాని ఒక్క ముక్క నోట్లో పెట్టుకునేది కాదు. తినొచ్చు కదే అంటే, నాకొద్దు అనేది. ఎందుకొద్దో ఆయనా అడిగేవాడు కాదు. ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక అందంట, 'అయ్యా, ఆ సోటొక్కటీ అందులోంచి తీసీరాదేటి?' అని. దానయ్య గంజి గిన్నె కింద పెట్టి, 'అది తీసీకూడదే' అని లేచిపోయాడు. అంతే. ఆ రోజునించీ ఆమెకి ఆ ఫోను చూస్తే తేలుని చూసినట్టుండేది.

ఇలా ఉండగా ఆ ఫోనులోకి ఉప్పునీళ్ళు దిగాయి. పట్టుకుంటే చెయ్యి కాలేది, ఉన్నట్టుండి ఆగిపోయేది. దానయ్యకి భయమేసింది. టవున్లో సెల్లు షాపు మస్తాను దగ్గరకెళ్ళి, నీళ్ళలో పడినా చావని ఫోను తెప్పించమన్నాడు. అది ఆ చుట్టుపక్కల దొరకదు, పైనించి రావాలి అన్నాడతను. అప్పటికి పెద్ద కొడుకులిద్దరూ గుజరాతు ఇంక చాలని ఇంటికొచ్చేశారు. దానయ్య వాళ్ళని కూచోబెట్టి, 'కొత్త ఫోను రానీండ్రా. దీన్లోవన్నీ దాన్లోకి పోయించీసి ఒకటి మీకిచ్చీస్తాను. ఏ బొమ్మ ఏటో అప్పుడు సెప్తాను' అన్నాడు. ఇంటిల్లిపాదీ ఫోను కోసం ఎదురుచూడ్డం మొదలెట్టారు. చూస్తుండగానే ఏటా సర్కారు పెట్టే వేట నిషేధం వచ్చింది, బోట్లన్నీ ఒడ్డెక్కాయి. ఫోను రాలేదు. దానయ్య ఇసకలో కూచుని వల బాగుచేసుకుంటూ, అలాగే వల మీదకి వాలిపోయాడంట. నిద్రపోతున్నాడనుకుని ఎవరూ లేపలేదు. తీరా చూస్తే ప్రాణం లేదు.

దినాలయ్యాయి. ఇప్పుడు ఫోను ఉంది, గీత తెలిసినోడు లేడు. తాతారావు ఇలా గీస్తాడు, అలా గీస్తాడు, అది కాసేపు మూసుకుపోతుంది, మళ్ళీ గీస్తాడు. మస్తానునడిగితే, కొత్త ఫోను రానివ్వండి, మీ నాన్న నంబరు అందులో వేస్తే చోట్లు వాటంతటవే రావచ్చు అన్నాడు. సరే, మళ్ళీ ఎదురుచూపు. నిషేధం ఎత్తేలోపు రాకపోతే ఆ ఏడు గుడ్డిగా వేటకి పోవాలి. కొడుకులు రోజూ బస్సు దగ్గరకి పోయి పార్సిలేమైనా వచ్చిందా అని అడిగేవారు. పెద్దకోడలు మంగ ఊరుకునే రకం కాదు. 'పెళ్ళిచూపులకి కూడా మా ఆయన ఇంత ఎదురుసూడ్నేదు, ఆ ఫోనునే సేసుకోవలసింది' అనేదంట. అందరూ నవ్వేవారు. బండెమ్మ నవ్వేది కాదు. బస్సు హారను వినపడితే ఆమె చేతిలో పని వదిలేసేది. రాకూడదు దేవుడా, వచ్చినా ఏమీ రాకూడదు అని మొక్కుకునేది. అంచు చుట్టూ తిరిగి నడిమిన ఆపితే చాలు, అన్నీ తెరుచుకుంటాయి. ఆమెకి తెలుసు. నోరు విప్పితే కొడుకులు నేరుగా ఆ బండ మీదకే పోతారని కూడా తెలుసు, అలా అనుకుంది మరి.

వచ్చింది చివరికి కొత్త ఫోను. మంగ దానికి పసుపు బొట్టు పెట్టింది. మస్తాను నంబరు వేశాడు. ఫోను అదేదో రహస్యం మాట చెప్పమని అడిగింది. ఆ మాట దానయ్యతోనే బూడిదైపోయింది కదా. అద్దం నిండా నీలంగా సముద్రం వచ్చింది గాని అందులో ఒక్క చేపబొమ్మ లేదంట. ఎల్లాజీ దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచి చూశాడు, ఎక్కడైనా పక్కకి జారిపోయాయేమో అన్నట్టు.

ఇంక మిగిలింది ఒకటే. మస్తాను అన్నాడూ, 'పాత ఫోను రూట్ చెయ్యొచ్చు. అంటే కంపెనీవాడు వేసిన తాళాన్ని వేళ్ళతో సహా పీకేయటం అన్నమాట. తలుపులన్నీ బార్లా తెరుచుకుంటాయి. కాని చెప్పలేను తాతారావూ, అలా పీకేటప్పుడు కొన్ని ఫోన్లు లోపలున్నదంతా తుడిచేసుకుంటాయి. పోతే తిరిగి రావు. గీత తెలిసినవాళ్ళు ఒక్కరున్నా నేనీ పని చెయ్యను.' మంచోడు, ముందే చెప్పాడు పాపం. అన్నదమ్ములిద్దరికీ అక్కడే షాపులో తగాదా. తాతారావు చేయించేద్దాం అంటాడు. ఎల్లాజీ వద్దంటాడు. 'ఉన్నా తెరవనేనిది ఉంతే ఏటి, పోతే ఏటి?' అని తాతారావు. 'ఉన్నాదంతే ఎప్పుడో ఒకనాటికి తెరుస్తాం అన్నియ్యా, తుడిసీసింతర్వాత ఏటి తెరుస్తావు?' అని వీడు. చూసేవాళ్ళకి వేడుక. ఆ పూటకి ఏమీ తేల్చుకోకుండా ఇంటికొచ్చేశారు.

ఇంటికొచ్చాక ఎల్లాజీ తల్లి దగ్గరకెళ్ళాడు. ఆమె ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన గొంతుక్కూచుని, 'అమ్మా, రోజూ నీ ఎదురుగానే గంజి తాగేవోడు కదా నాన్న, ఆ గీత ఎప్పుడైనా నీ కంటబడిందేటి?' అన్నాడు. చూడండి, అందరిలోనూ వాడికే తట్టింది. బండెమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. ఆమెకి ఫోను వాడకం తెలిసుంటే, తాను తెరిచి ఆ ఒక్క చోటూ తీసేసి మిగతావన్నీ కొడుకుల చేతిలో పెట్టేది. ఏ బొమ్మ ఏదో, ఎక్కడ నొక్కితే పోతుందో ఆమెకేం తెలుసు? ఇస్తే అంతా ఇవ్వాలి, పోతే అంతా పోవాలి. వాసు నడుముకి కట్టిన తాడు కళ్ళముందు ఆడింది. 'నాకేటి తెలుసు బావూ, ఆ ఫోను పట్టుకోడమే నాకు తెల్దు' అంది. వాడు ఆమె మొహంలోకి చూసి, లేచి చేతులు దులుపుకున్నాడంట.

మర్నాడు తాతారావు రూట్ చేయించేశాడు. మస్తాను పొద్దుట్నించీ దానితో కుస్తీ పట్టి, ఎండ తిరిగాక తల ఎత్తి, 'తెరుచుకుంది' అన్నాడు. తాతారావు చెయ్యి చాచాడు. 'తెరుచుకుంది గాని, లోపలేమీ లేదు. కొత్తదానిలాగే ఉంది' అన్నాడు మస్తాను. ఎల్లాజీ షాపు మెట్లు దిగి బస్సు కూడా ఎక్కకుండా నడిచిపోయాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ సరిగ్గా మాట్లాడుకున్నది లేదంట. ఇక్కడ ఇంట్లో బండెమ్మ సంగతి చెప్తే మీరు నమ్మరు. ఆ కబురు తెలిశాక పొయ్యి వెలిగించి పులుసు పెట్టింది. వాసు పోయాక మొదటిసారి చేప ముక్క కంచంలో వేసుకుంది. మంగ వింతగా చూసి, 'అత్తా, మావ కూడబెట్టిందంతా పోయిననాడా నీకు ఆకలేసింది?' అంది. 'ఏసిందే' అంది బండెమ్మ.

నిషేధం ఎత్తేశారు. అన్నదమ్ములు బోటు దించారు. తండ్రితో ఎప్పట్నించో కళాసీగా పనిచేసిన సోములు కూతురింటికి పోయున్నాడు, వాణ్ణి కబురెట్టి పిలిపించుకున్నారు. తండ్రి ఏ పక్కకి పోయేవాడో సోములుకి తెలుసు గాని సరిగ్గా ఏ చోటో తెలియదు. బోటు నడిపేది దానయ్య, ఫోను చూసేది దానయ్య. కొన్నాళ్ళు ఖాళీ వలే లాగారు. డీజిలు ఖర్చు కూడా రాలేదు. ఆ తర్వాత ఒకనాడు వల బండకి పట్టేసింది.

ఇంక నేను చెప్పకపోయినా మీకు తెలిసిపోయింది. తాతారావు దిగాడు. ఎల్లాజీ వద్దన్నాడు, సోములు వద్దన్నాడు. వల పోతే ఇంక బోటెందుకు అన్నాడంట తాతారావు. రెండుసార్లు పైకొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ దిగాడు, మూడోసారి రాలేదు. ఈసారి శవం దొరికింది, అదొక్కటే తేడా. వల కాలికి చుట్టుకునుంది.

మంగ ఏడుపు సంగతి చెప్పను. చెప్పలేను. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టాక సోములు వచ్చి బండెమ్మ పక్కన నేల మీద కూలబడ్డాడు. 'ఒదినా, ఆ ఫోనుంతే ఇది జరక్కపోను' అన్నాడు. ఆమె అర్థంకానట్టు చూసింది. 'వాసు పోయిన సోట అన్న దీపంబొమ్మ ఎట్టినాడు ఒదినా. సేపబొమ్మ కాదు. ఆ దీపం అద్దంలో కనబడిందంతే ఇంజను సన్నం సేసీసేవోడు. దూరంనించే సుట్టూ తిప్పుకుని పోయేవోడు గాని మీదకి పోయేవోడు కాదు. వల ఎప్పుడూ యెయ్యనేదు. ఇన్ని మెతుకులు నీళ్ళ మీద జల్లి, దండం ఎట్టి ఎల్లిపోయేవోడు. కోనెం సేపలు అక్కడివి కావు, ఇంకా లోపలివి. పిల్లలకి సెప్పినాను, ఇటుపక్కనే ఎక్కడో ఆ బండ ఉన్నాది, జాగర్త, నాన్న ఫోనుకి తెలుసు నాకు తెల్దు అని. అప్పుడు వాసుని మింగింది కూడా ఇదే బండ ఒదినా. ఒడ్డుకొస్తంటే బోధపడింది నాకు.'

బండెమ్మ ఏడవలేదంట. ఆ పాత ఫోను ఏది అని అడిగింది. ఎల్లాజీ తెచ్చి చేతిలో పెట్టాడు. రూట్ చేసిన ఫోను, దానికి తాళమెక్కడుంది? ముట్టుకోగానే తెరుచుకుంది. చుక్కలు కూడా రాలేదు. అయినా ఆమె ఆ ఖాళీ అద్దం మీద అంచు చుట్టూ వేలు తిప్పి నడిమిన తెచ్చి ఆపింది. ఎల్లాజీ అది చూశాడు. చూసి, తల్లి చేతిలోంచి ఫోను తీసుకోకుండా, ఏమీ అడక్కుండా బయటికెళ్ళిపోయాడు. దినాలు కాగానే మళ్ళీ గుజరాతు బోట్లెక్కాడు. ఇంక ఇటు రాలేదు.

నాకెలా తెలుసంటారా? ఇద్దరం చేపలకి ఉప్పు రాస్తూ ఉంటే ఒక్కసారి తనే చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తించలేదు. ఇప్పటికీ నా పక్కన కూచుని రొయ్యలొలుస్తుందా, చేతిలో పని లేకపోతే బొటనవేలు మోకాలి మీద తిరుగుతూనే ఉంటుంది. ఇంక మన ఊరి మగాళ్ళ సంగతి మీరు చూస్తున్నారుగా, దానయ్య కథయ్యాక అందరూ ఫోను తాళం పెళ్ళాలకి చూపించి మరీ బోటెక్కుతున్నారు. గీత చూపిస్తున్నారు. లోపల ఏ బొమ్మ ఎందుకు పెట్టారో మాత్రం ఇప్పటికీ ఏ ఒక్కడూ చెప్పడు, ఏ ఆడదీ అడగదు. మా ఆయన్ని నేను మాత్రం అడిగానా? ఇవాళ ఒడ్డుకి రానీ, అడుగుతాను.