నేల విడవని చక్రం

వినపడతా ఉండాదా మామా? మళ్ళా దిగినాడు నీ తమ్ముడు.

పొద్దున కాఫీ కలిపి గ్లాసు పట్టుకొని చూస్తే వాకిట్లో బండి లేదు. ఎవుర్ని అడిగేది? తొప్పూరు కనుమ దిక్కే పోయిందక్కా అని టీకొట్టాయన చెప్పినాడు. అట్లే సేలం బస్సెక్కి, ఈ వంపు కాడ దిగినాను. కండక్టరు నన్నెట్ల చూసినాడో! ఊరు లేదు, ఇల్లు లేదు, ఒంటి ఆడది ఈ కొండలో దిగి ఏం చేస్తాదని.

ఏం చేస్తాను? మొగుడు పోయిన తావుకు వచ్చి మొగుడితోనే మొర పెట్టుకుంటాను. ఇంట్లో నీ పటం ముందర చెప్పి చెప్పి నోరు నొచ్చింది. నువ్వు పడింది ఈ పల్లంలో గదా. వింటే ఈడనే వినాల.

అదో, ఇంజను మోత. అడుగున, వాగు పక్కన. చెట్లు అడ్డం, కనపడలేదు. మోత మాత్రం వస్తా ఉండాది. మోత వచ్చినంతసేపూ భయం లేదు నాకు. ఆగితేనే గుండె పట్టుకుంటాది.

వాడు మొదటి నుంచీ ఇట్ల ఉండినాడా చెప్పు? నీ వెనకాల తిరిగిన గోవిందరాజేనా వీడు? బండ్లు రిపేరు చేసే మన పట్టరైలో నువ్వు స్పానరు అడిగేలోపల చేతిలో పెడతా ఉండినాడే! రేడియోలో పాట వస్తే సుత్తితో తాళం వేస్తా ఉండినాడే! ఇప్పుడు రేడియో పెడితే లేచి ఆపేస్తాడు. ఏందిరా అంటే, "ఆ సద్దులో వేరే ఏదీ వినపడదు వదినా" అంటాడు. వేరే ఏది వినపడాలో నేను అడగను.

ఆ దినం సంగతి నీకు నేను చెప్పాల్నా? చెప్పాల. నువ్వు కింద ఉండినావు. పైన వాడు ఏం పడినాడో నువ్వెట్ల చూసింటావు?

పత్తి మూటల లారీ. వంపులో దొర్లి, సగంలో ఒక బండకు ఆనుకొని నిలిచింది. డ్రైవరు ముందే దుమికి బతికినాడు. లారీని ఎత్తేదానికి మీ అన్నదమ్ములు మన మిలిటరీ బండి తీసుకొని వచ్చినారు. వేలంలో తెచ్చి, నాలుగు చక్రాలూ లాగేటట్టు రిపేరు చేసి, వెనక రోపు చుట్టి లాగే వించి పెట్టినావే, ఎంత గొప్పగా చెప్పుకొన్నావు ఆ బండిని! వించి లీవరు వాని చేతిలో, రోపు కొక్కెం నీ చేతిలో. వాన పడి నేలంతా నాని ఉండింది. నువ్వు నడిచి దిగినావు. కొక్కెం తగిలించేలోపలే లారీ కదిలింది. నిన్నూ తీసుకొని వాగులోకి పోయింది.

వాడు లీవరు విడిచినాడంట. పరిగెత్తి దిగినాడంట. లారీ యాక్సిలు నీ నడుం మీద ఉండాది. జాకీ పెడితే బురదలో దిగిపోతా ఉండాది. రోపు చూస్తే అంత దూరం చాలదు. బండి కిందికి వస్తే తప్ప లారీని ఎత్తే దారి లేదు. నువ్వే చెప్పినావంట గదా, "బండి దించురా" అని?

దించినాడు మామా. ఎవుడూ దించని తావులో దించినాడు. మద్దెలో ఆ బండ ఉండాదే, మెట్టు మాదిరి, ఆడిదాకా వచ్చినాడు. ముందర చక్రం ఒకటి మెట్టు కిందికి దిగింది. దిగితే వెనకది, ఆ పక్కది, నేలను విడిచి పైకి లేచింది. నువ్వు వేసిన స్ప్రింగులు ఎంత గట్టివి! మూట ఎంత వేసినా వంగకూడదని ఇనప పట్టా మీద పట్టా వేసి బిగించినావు. వంగలేదు. చక్రం గాల్లోనే తిరగతా ఉండాది. మిగిలినవి బురదలో గుంత తవ్వతా ఉండాయి. బండి ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

నువ్వు పిలస్తా ఉండావు. ఇంజను ఆపితే నీ గొంతు. ఇంజను వేస్తే గాల్లో చక్రం మోత. ఆపుతాడు, వేస్తాడు. దుమికి నీ కాడికి వస్తాడు, చేత్తో లారీని తోస్తాడు, మళ్ళా బండి కాడికి పరిగెత్తుతాడు. రోడ్డు మీద జనం మోకులు తీసుకొని దిగేసరికి ఇంజను ఆపినా ఏమీ వినపడలేదంట.

ఇదంతా వాడు నాకు ఒక్కసారిగా చెప్పినాడనుకొంటివా? ఒక మాట ఈ నెల, ఒక మాట ఆ నెల. బండి కింద పడుకొని పని చేస్తా చేస్తా చెప్తాడు. మొగం కనపడదు గదా, అందుకు.

నీ దినాలు కానీలేదు, బండిని దిమ్మెల మీద ఎక్కించి స్ప్రింగులన్నీ పీకేసినాడు. ఊరంతా వచ్చి చూసిపోయింది. అన్న పోయిన ఇంట్లో ఏడ్చేది లేదు, సుత్తి మోత! నేనే అడిగినాను, ఏందిరా ఇది అని.

"చక్రం నేలను విడవకూడదు వదినా" అన్నాడు. అంతే.

కడత్తూరులో ఆంజనేయన్ అని కమ్మరాయన ఉండాడు. ఆయన కొలిమి కాడ కూర్చొని పట్టాలు పొడుగ్గా, పలచగా కొట్టించినాడు. పట్టా పొడుగైతే చక్రం కిందికి దిగతాది. దిగితే బ్రేకు పైపు చాలక తెగతాది. పైపు మారిస్తే ఇంజను నుంచి వచ్చే రాడ్డు ఊడి వస్తాది. ఒకటి సరిచేస్తే ఇంగొకటి. నేనూ నేర్చుకొంటిని చూడు! లైటు పట్టుకో వదినా, ఆ బోల్టు పట్టుకో వదినా అంటాడు. నువ్వు ఉండేటప్పుడు పట్టరై గడప తొక్కనిచ్చినావా నన్ను?

అయిపోయినాక ఒక చక్రాన్ని ఎత్తైన బండ మీద ఎక్కించినాడు. పైనున్న బాడీ అట్లే ఉండాది, మిగిలిన మూడు చక్రాలూ కాళ్ళు చాపినట్టు సాగి నేల పట్టుకొని ఉండాయి. నేను నోరు తెరిచినాను. వాడు నవ్వలేదు.

"ఇప్పుడైతే దిగింటాదా వదినా?"

దిగింటాదిరా అన్నాను. ఏమనేది మరి?

"లేదు. ఆ మెట్టు ఇంకా లోతు."

మళ్ళా పీకినాడు. మళ్ళా కడత్తూరు. తీర్థమలై కొండ అడుగున రాళ్ళలో తోలి చూస్తాడు, వస్తాడు, పీకుతాడు. బండి ఎత్తు పెరిగి పెరిగి ఎక్కేదానికి స్టూలు కావాల్సొచ్చింది. తార్రోడ్డు మీద పోతే పడవ మాదిరి ఊగతాది, ఎదురొచ్చే బస్సులు పక్కకు తప్పుకొంటాయి. లారీ వాళ్ళు పిలిస్తే పోయి లాగి వస్తాడు, కాదనను. కానీ పని చేసినట్టు ఉండదు మామా. అది పని కాదు వానికి, ఒత్తికలు, సాధకం చేసేది. పరీక్షకు ముందర పిల్లోళ్ళు చదువుతారే, అట్ల.

వాని పెండ్లాం ధనం ఎంత ఓర్చుకొనింది పాపం! కట్టుకున్నోడు ఇంటికి వస్తే చేతుల్లో గ్రీసు, కండ్లలో పల్లం. ఏమయ్యా అంటే ఊఁ అంటాడు. చివరికి బొమ్మిడికి, వాళ్ళమ్మ ఇంటికి పోయింది. కడుపుతో ఉండాది. నీకు తెలుసునో లేదో. నీ ఇంటి పేరు నిలబెట్టేది ఆ బిడ్డే. మనకు కలగలేదు గదా.

ఇంగ పోయిన వారం సంగతి వినుకో. అది విన్నాక నువ్వే తీర్పు చెప్పు.

మధ్యాన్నం పోలీసు జీపు వచ్చి పట్టరై ముందర నిలిచింది. తొప్పూరు వంపులో వ్యాను పడిందంట. గుడికి పోయి వస్తా ఉండిన సేలం వాళ్ళు. మనుషులు లోపలే ఉండారంట. క్రేనుకు చెప్పి పంపినారంట, అది ఎప్పుడొస్తాదో! గోవిందు తావు చెప్పమన్నాడు. పోలీసాయన చెప్పినాడు. ఇదే వంపు, ఇదే పల్లం. వాడు పోయి బండెక్కినాడు. నేను కొంగు బిగించి స్టూలేసుకొని పక్క సీటులోకి ఎక్కినాను. వద్దనలేదు. "లీవరు పట్టేదానికి ఎవురైనా కావాల" అన్నాడు.

దిగినాము. ఎట్ల దిగినామో నన్ను అడగొద్దు. ఆకాశం కిటికీలో, నేల అద్దంలో. ఆ మెట్టు వచ్చింది. వాడు ఇంజను నిదానం చేసి, తల బయటపెట్టి చక్రాన్నే చూస్తా ఉండాడు. ముందర చక్రం మెట్టు జారింది. నేను తలుపును గట్టిగా పట్టుకొంటిని. ఆ పక్క వెనక చక్రం చూసినాను మామా, నేనూ చూసినాను. కిందికి దిగింది. ఇంకా దిగింది. చీకట్లో మెట్టుకు కాలు చాపి తడుముకుంటామే, అట్ల తడుముకొని తడుముకొని నేలను పట్టుకొనింది. బండి ఒకసారి మూలిగి, దాటింది.

దాటినాక వాడు ఏడ్చినాడు. స్టీరింగు విడవకుండా, నోరు తెరిచి, సద్దు లేకుండా.

వ్యాను వాగులో పక్కకు పడి ఉండాది. కింద ఒక తల్లి, ఆమె చేతిలో బిడ్డ. బిడ్డ గుండు మీద గుడిలో పూసిన చందనం అట్లే ఉండాది, ఎండిపోయి. వాడు దూరి కొక్కెం తగిలించినాడు. "నిదానం వదినా, నిదానం" అంటా ఉండాడు. నేను లీవరు లాగినాను. వ్యాను లేచింది. ఆ తల్లి నడుం మీద నుంచి లేచింది మామా! ఆమె ఊపిరి పీల్చిన సద్దు నాకు వినపడింది. అందరూ బతికినారు. కాళ్ళు విరిగినోళ్ళు ఉండారు, తల పగిలినోళ్ళు ఉండారు, అందరూ బతికినారు. బండి వెనక పడుకోబెట్టి అదే మెట్టు మీద ఎక్కించి తార్రోడ్డుకు తెచ్చినాడు.

రోడ్డంతా జనం. ముసలాయన ఒకాయన గోవిందు కాళ్ళ మీద పడినాడు. ఎవురో సోడా కొట్టి ఇచ్చినారు. నేను అనుకొంటిని, అయింది, తీరింది, ఇంగ వీడు నిద్రపోతాడు అని. ధనానికి చెప్పి పంపాల, వచ్చి తీసుకొని పొమ్మని అనుకొంటిని.

జనం కదిలేదానికి ముందే వాడు బండి తిప్పినాడు. ఇంటి దిక్కు కాదు. పల్లం దిక్కు.

"యాడికిరా?" అన్నాను.

నన్ను చూసినాడు. పిచ్చి చూపు కాదు మామా. మంచిగా, నిమ్మళంగా చూసినాడు. నాకే ఏమీ తెలీదన్నట్టు చూసినాడు.

"అన్న ఇంకా కిందనే ఉండాడు గదా వదినా" అన్నాడు.

దిగినాడు. నేనూ దిగినాను. వాణ్ణి ఒంటిగా ఎట్ల పంపేది? నువ్వు ఉండిన తావులో, ఆ రాళ్ళ నడుమ, కొక్కెం మెల్లిగా పెట్టినాడు. పసిబిడ్డను పండబెట్టినట్టు పెట్టినాడు. వచ్చి బండి పక్కన నిలబడి, లాగు వదినా అన్నాడు. లాగినాను. రోపు రాళ్ళ మీద ఈడ్చుకుంటా వచ్చింది. కొక్కెం వచ్చింది. దాన్ని చూసినాడు, తల ఊపినాడు. "రేపు చూద్దాం" అన్నాడు.

ఆ రేపు ఇంకా తీరలేదు. దినమూ ఇదే. ఈ పొద్దే నన్ను లేపకుండా వచ్చేసినాడు.

నిన్న ధనం వచ్చింది. బస్సులో, ఆ కడుపుతో. వెంట పళనిని తీసుకొని వచ్చింది, పాత బండ్లు కోసి ఇనుము అమ్ముతాడే, ఆయన్ని. నువ్వు పోయినాక బండి నా పేరిట మారింది గదా, నేను ఊఁ అంటే చాలు, కోసుకొని పోతాడు. "అక్కా, ఆ బండి ఉంటే నా మనిషి ఉండడు. ఏదో ఒక దినం ఆ పల్లంలోనే పోతాడు. నా బిడ్డ మొగం చూడక్కా" అని నా రెండు చేతులూ పట్టుకొనింది. నిజమే గదా? యాడన్నా పట్టా విరిగితే? పైపు తెగితే? నాకు తెలీదా? లైటు పట్టుకొనింది నేను గదా.

వద్దన్నాను.

అవును మామా. వద్దని పంపించేసినాను. బండి పోతే వానికి ఉండే మతీ పోతాదమ్మా అని ఏదో చెప్పినాను. ధనం నా మొగం చూసింది. వాకిలి దాటినాక తిరిగి ఇంగొకసారి చూసింది. ఆ చూపు ఇంకా నా వీపు మీద ఉండాది.

ఏంటికి వద్దన్నానో నీకు చెప్పాలనే వచ్చినాను. వాని మీద మొర పెట్టుకొనేదానికి కాదు. ఇంతసేపూ వాని మీద నెట్టినాను, అంతే.

మొన్న నీ తావు కాడ నేను లీవరు లాగేటప్పుడు రోపు ఒకసారి బిగిసింది. ఏ రాయికో తట్టుకొని ఉంటాది. ఇనప రోపు కిర్రుమనింది, బండి వెనక కుంగింది. బరువు. ఏదో బరువు తగిలింది. గోవిందు కదలకుండా చూస్తా ఉండాడు.

నేనూ చూసినాను మామా. నిదానం చేసినాను. నీకు నొప్పి తగలకుండా, నిదానంగా లాగినాను.

రాయి వదిలింది. ఒట్టి కొక్కెమే వచ్చింది. వాగు నీళ్ళకు తడిసి ఉండాది. కొంగుతో తుడిచి పెట్టినాను, ఏం చేసేది, తుప్పు పడితే మరుసటి దినానికి కావద్దా?